గ్వాటెమాలా 2023: తొలి పోలింగు నుంచి ప్రమాణ స్వీకారం దాకా అక్కడ ఉన్నవారితో చర్చ

పాలపిట్ట

అందరికీ నమస్కారం. మధ్య అమెరికా దేశాల ఎన్నికల వ్యవస్థలపై పరిశోధన చేస్తున్నాను. గ్వాటెమాలాలో 2023లో జరిగిన సార్వత్రిక ఎన్నికల గురించి దొరికినంత మేరకు చదివాను. జూన్ 25న తొలి విడత, ఆగస్టు 20న అధ్యక్ష పదవికి మలి విడత పోలింగ్ జరిగాయి. గెలిచిన బెర్నార్దో అరేవాలో ప్రమాణ స్వీకారం మాత్రం 2024 జనవరి 14 అర్ధరాత్రి దాటిన తరువాత గానీ జరగలేదు. ఆ మధ్యకాలమంతా కోర్టు ఉత్తర్వులు, సోదాలు, రహదారుల దిగ్బంధాలతోనే గడిచింది. నేను చదివిన వ్యాసాలన్నీ రాజధానిలోని నాయకులను, న్యాయమూర్తులను చూసి రాసినవే. ఆ రోజుల్లో అక్కడ నివసించిన తెలుగువారు కొందరు ఈ వేదికలో ఉన్నారని తెలిసి అడుగుతున్నాను: ఎన్నికల కాలం నిత్యజీవితంలో ఎలా కనిపించింది, ఓట్ల లెక్కింపును జనం దేన్ని చూసి నమ్మారు, అక్టోబరు దిగ్బంధాలను మీరు ఎలా చూశారు?

జోనా_పది

మాది పాలమూరు జిల్లా. గ్వాటెమాలా నగరంలో ఒక కాల్ సెంటర్ నిర్వహణలో పనిచేస్తున్నాను. విదేశీయుడిని కనుక నాకు అక్కడ ఓటు లేదు. నేను చెప్పేది చూసినవాడి మాట మాత్రమే.

అధికారిక ప్రచారం మార్చి 27న మొదలైంది. రాజధాని దాటి ఏ రహదారి పట్టుకుని వెళ్లినా కొండరాళ్లకు, కరెంటు స్తంభాలకు పార్టీల రంగులు పూసి కనిపిస్తాయి. చట్టం అందుకు ఒప్పుకోదు, అయినా పూతలు ఆగవు. చిన్న ఊళ్లలో తిరిగే ఆటోలు మన బజాజ్ ఆటోలే. వాటి వెనుక అభ్యర్థుల బొమ్మలు, పైన మైకులు చూసినప్పుడు మన ఊరి ఎన్నికలు గుర్తుకురాక తప్పదు. పంపకాలు కూడా ఉంటాయి. రేకులు, ఎరువుల బస్తాలు, సరుకుల సంచులు ఇస్తారు. ఉనే పార్టీ అభ్యర్థి సాంద్రా తోరెస్ తన మాజీ భర్త ఆల్వారో కోలోమ్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు నడిపిన సరుకుల సంచి పథకాన్ని మళ్లీ తెస్తానన్నారు. పల్లెల్లో ఆ మాటకు విలువ ఉంది, దాన్ని తేలిగ్గా తీసిపారేయలేము.

ఓటరు చేతికి ఒకేసారి ఐదు బ్యాలెట్ పత్రాలు వస్తాయి: అధ్యక్షుడు ఉపాధ్యక్షుల జంటకు తెల్లది, జాతీయ జాబితా సభ్యులకు ఆకుపచ్చది, జిల్లా సభ్యులకు లేత నీలం, నగరాధ్యక్షులకు గులాబీ, మధ్య అమెరికా పార్లమెంటుకు పసుపు. కాంగ్రెసులో 160 స్థానాలు, దేశమంతటా 340 పురపాలికలు. అధ్యక్ష పదవికి 22 జంటలు నిలబడ్డాయి.

నిలబడనివ్వని వారి సంగతి కూడా చెప్పాలి. ఆదివాసీ నాయకురాలు తెల్మా కాబ్రేరా జంటను ఆమె సహ అభ్యర్థి పత్రాల పేరుతో తొలగించారు. రొబెర్తో అర్సూను తొలగించారు. సర్వేల్లో ముందున్న కార్లోస్ పినేదాను మే నెలలో, పోలింగు ఇక కొద్ది వారాలే ఉందనగా తప్పించారు. ఎల్ పెరియోదికో పత్రిక మే నెలలో మూతపడింది. దాన్ని స్థాపించిన హొసే రుబెన్ సమోరాకు జూన్ 14న, అంటే పోలింగుకు పదకొండు రోజుల ముందు, జైలు శిక్ష పడింది. మా కార్యాలయంలోని యువతీయువకుల్లో అప్పుడు కనిపించినది కోపం కూడా కాదు. ఫలితం ముందే రాసిపెట్టి ఉందన్న నిర్లిప్తత.

జూన్ 25 రాత్రి వచ్చిన అంకెలు ఆ నిర్లిప్తతకు సరైన చిత్రం. అన్నింటికంటే ఎక్కువ వచ్చినవి చెల్లని ఓట్లు, 17 శాతానికి పైగా. తోరెస్‌కు దాదాపు 16 శాతం. రెండో స్థానంలో దాదాపు 12 శాతంతో అరేవాలో. పోలింగుకు ముందు సర్వేలు ఆయనకు 3 శాతం ఇచ్చి ఎనిమిదో స్థానంలో ఉంచాయి. ఆ మాత్రం వాడి వల్ల ఏమవుతుందనుకున్నారు కాబట్టే ఆయన్ను ముందుగా తొలగించలేదని ఇప్పటికీ అందరూ అంటారు.

ఒక చిన్న సంగతి: శనివారం మధ్యాహ్నం నుంచి సోమవారం ఉదయం ఆరు వరకు మద్యం అమ్మకూడదు. నేనుండే పదో జోన్‌లో హోటళ్లన్నీ ఆ రెండు రాత్రులు వెలవెలబోతాయి.

పోలింగ్_మాష్టారు

జోనా పది గారికి ధన్యవాదాలు. నేను పశ్చిమ గోదావరిలో ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. బ్యాలెట్ పెట్టెల కాలంలోనూ, యంత్రాల కాలంలోనూ ప్రిసైడింగ్ అధికారిగా విధులు నిర్వర్తించాను. అందువల్ల నా సందేహాలు ఆ వైపు నుంచే ఉంటాయి.

ఐదేసి కాగితాలు, 22 జంటలు, చదువు అంతగా లేని పల్లెలు, పైగా స్పానిష్ కాక ఇరవైకి పైగా మాయా భాషలు. ఇన్ని ఉన్న చోట పోలింగ్ కేంద్రంలో కూర్చునేది ఎవరు? ప్రభుత్వోద్యోగులా? పెట్టెలు ఎక్కడికి తరలిస్తారు, లెక్కింపు ఏ రోజు? మా కాలంలో పోలింగు ముగిశాక పెట్టెకు లక్క సీళ్లు వేసి స్ట్రాంగ్ రూముకు చేర్చి రసీదు తీసుకునేదాకా మాకు నిద్ర ఉండేది కాదు. పెట్టె ప్రయాణం ఎంత పొడవైతే అనుమానాలకు అంత చోటు. అక్కడ ఈ ప్రయాణం ఎలా సాగుతుందో చెప్పగలరా?

షేలా_కోడలు

మాష్టారు గారూ, అక్కడ పెట్టె ప్రయాణం చేయదు. ఓటు వేసిన బల్ల మీదే, అదే సాయంత్రం లెక్కిస్తారు.

నేను కెత్సాల్తెనాంగోలో ఉంటాను. ఊరివాళ్లు దాన్ని షేలా అనే పిలుస్తారు. మా అత్తగారిది ఆ పక్కనే ఉన్న అల్మొలొంగా. మా ఆడపడుచు ఒక ప్రాథమిక పాఠశాలలోని ఓట్ల స్వీకరణ మండలిలో కార్యదర్శిగా కూర్చుంది. ఆమె ప్రభుత్వోద్యోగి కాదు, బట్టల కొట్టు నడుపుతుంది. దేశమంతటా ఇరవై నాలుగు వేలకు పైగా ఇటువంటి మండళ్లు ఉంటాయి. అధ్యక్షుడు, కార్యదర్శి, సభ్యుడు అందరూ ఆ ఊరి పౌరులే. ఎన్నికలు నిర్వహించే సంస్థ అయిన ఎన్నికల న్యాయస్థానం వారికి శిక్షణ ఇస్తుంది. వరుసలో నిలబడిన వారిలో సగం మంది వారికి ముఖపరిచయం ఉన్నవారే కనుక కిచే భాష మాట్లాడే ముసలమ్మకు ఏ కాగితం దేనికో చెప్పడానికి వేరే దుభాషి అక్కరలేదు.

పోలింగు ఉదయం ఏడుకు మొదలై సాయంత్రం ఆరుకు ముగుస్తుంది. ఆ తరువాత తలుపులు వేసి పెట్టె తెరుస్తారు. ఒక్కొక్క కాగితాన్ని విప్పి పార్టీల ప్రతినిధులకు చూపించి, గుర్తు పేరు పైకి చదివి, గీతలు గీసి లెక్కపెడతారు. ఎవరైనా అభ్యంతరం చెబితే అక్కడే తేల్చాలి. అంకెలన్నీ నాలుగో నంబరు పత్రంలో రాసి మండలివారూ ప్రతినిధులూ సంతకాలు చేస్తారు. ప్రతినిధులకు తలా ఒక ప్రతి ఇస్తారు. దాని చిత్రాన్ని కంప్యూటర్ ద్వారా రాజధానికి పంపుతారు; దేశంలో ఏ మూల ఉన్నవారైనా ఆ రాత్రే వెబ్‌సైటులో ఆ సంతకాలతో సహా చూడవచ్చు. మా ఆడపడుచు అర్ధరాత్రి దాటాక ఇంటికి వచ్చి, అన్నం తినకముందే తన బల్ల పత్రం వెబ్‌సైటులో సరిగ్గా వచ్చిందో లేదో ఫోనులో వెతికి చూసుకుంది. అది వచ్చాకే నిద్రపోయింది.

అన్ని చోట్లా ఇంత ప్రశాంతంగా జరిగిందని అనను. రాజధానికి దగ్గరలోని సాన్ హొసే దెల్ గోల్ఫోలో బయటి ఊళ్లవారిని ఓటర్లుగా తెచ్చారన్న గొడవతో ఆ రోజు పోలింగే జరగలేదు. ఆగస్టు 20న మళ్లీ పెట్టవలసివచ్చింది. నగరాధ్యక్షుల పోటీలో ఇటువంటి తగాదాలు ఎక్కువ. అధ్యక్షుడెవరైనా ఫరవాలేదు గానీ ఊరికి నీళ్లిచ్చేది, సంతలో చోటు కేటాయించేది నగరాధ్యక్షుడే కదా.

పోలింగ్_మాష్టారు

చాలా స్పష్టంగా చెప్పారమ్మా. మన దగ్గర యంత్రం మూసేటప్పుడు పోలైన ఓట్ల సంఖ్య రాసి ఏజెంట్లకు ఇచ్చే ఫారం 17సీ ఉంది. అందులో ఎన్ని ఓట్లు పడ్డాయన్నదే ఉంటుంది. ఎవరికి పడ్డాయన్నది ఆ తరువాత ఎన్నో రోజులకు లెక్కింపు కేంద్రంలో తేలుతుంది. మీరు చెప్పిన నాలుగో నంబరు పత్రంలో ఫలితమే ఉంది. అంటే ఆ రాత్రి పది గంటలకు ఆ బల్ల ఫలితం అప్పటికే పలువురి జేబుల్లో ఉంటుందన్నమాట.

అయితే దీనికి ఇంకో వైపు కూడా ఉంది. బల్ల వారీగా ఫలితం బయటపడితే ఏ వాడ ఎవరికి ఓటు వేసిందో అందరికీ తెలిసిపోతుంది. మన పల్లెల్లో అలా తెలియకుండా ఉండటానికే ఒకప్పుడు పలు కేంద్రాల బ్యాలెట్లను కలిపి లెక్కించేవారు. గ్వాటెమాలాలో అంతర్యుద్ధం 36 ఏళ్లు సాగి 1996లో గానీ ముగియలేదని చదివాను. అటువంటి దేశంలో ఒక పల్లె ఓటు బయటపడటం ప్రమాదం కాదా?

షేలా_కోడలు

ప్రమాదమే. సరుకుల సంచులు పంచినవారు మరునాడు ఆ పత్రాలనే చూసి, తీసుకున్నారు గాని ఓటు వేయలేదేమని నిలదీస్తారు. ఈ విషయంలో మీ అభ్యంతరానికి నా దగ్గర సమాధానం లేదు. కానీ 2023లో ఆ బహిరంగతే లేకపోతే ఎన్నిక నిలిచేది కాదని మాత్రం చెప్పగలను.

న్యాయపీఠిక

నేను అక్కడ నివసించలేదు. న్యాయవాదిని, ఈ వ్యవహారాన్ని మొదటి నుంచీ పత్రాల ద్వారా అనుసరించాను. షేలా కోడలు గారి మాటను సంఘటనల వరుసతో బలపరచవచ్చు.

జూలై 1న రాజ్యాంగ న్యాయస్థానం కొన్ని పార్టీల ఫిర్యాదుపై ఫలితాల ధ్రువీకరణను నిలిపివేసి, పత్రాలను మళ్లీ పోల్చి చూడమని ఆదేశించింది. పార్టీల దగ్గరున్న ప్రతులూ అధికారుల దగ్గరున్న ప్రతులూ పక్కపక్కన పెట్టి చూస్తే మొదటి రెండు స్థానాలు మారలేదు. ఫిర్యాదు చేసిన పార్టీల సొంత ప్రతినిధుల సంతకాలే ఆ పత్రాల మీద ఉన్నాయి. కాగితం మీద గెలవలేమని తేలాక దాడి పార్టీ ఉనికి మీదికి మళ్లింది. జూలై 12న ఫలితాలను అధికారికంగా ప్రకటించిన రోజే ప్రాసిక్యూటర్ రఫాయెల్ కుర్రుచిచే, అరేవాలో పార్టీ అయిన సెమియా చట్టబద్ధతను న్యాయమూర్తి ఫ్రెది ఒరెయానా సస్పెండ్ చేశారని ప్రకటించారు. పార్టీ నమోదు సమయంలో వేల కొద్దీ దొంగ సంతకాలు చేర్చారన్నది ఆరోపణ. అది నిజమో కాదో విచారించవచ్చు. కానీ ఎన్నికల ప్రక్రియ సాగుతున్నంత కాలం పార్టీని సస్పెండ్ చేయకూడదని ఎన్నికల చట్టం 92వ అధికరణం చెబుతోంది. మరునాడే రాజ్యాంగ న్యాయస్థానం సెమియాకు రక్షణ కల్పించింది కనుక రెండో విడత జరిగింది.

ఆగస్టు 20న అరేవాలోకు చెల్లిన ఓట్లలో దాదాపు 61 శాతం, తోరెస్‌కు 39 శాతం వచ్చాయి. ఆగస్టు 28న ఎన్నికల న్యాయస్థానం ఫలితాన్ని ధ్రువీకరించింది; అదే రోజు పౌర నమోదు విభాగం పార్టీని మళ్లీ సస్పెండ్ చేసింది. సెప్టెంబరు 12న ప్రాసిక్యూటర్లు ఓటు పెట్టెలు తెరిచారు. ఆ నెలాఖరున ఎన్నికల న్యాయస్థానంలో సోదా చేసి, న్యాయమూర్తులు అడ్డుపడుతున్నా ఫలితాల అసలు పత్రాలను పట్టుకెళ్లారు. ఆ పెనుగులాటను దేశమంతా తెర మీద చూసింది. అక్టోబరు 2న తోతోనికాపాన్ 48 కాంతోనెస్ అనే ఆదివాసీ గ్రామాల సమాఖ్య పిలుపుతో రహదారులు మూతపడ్డాయి. కోర్టు ఉత్తర్వులు ఎన్ని వచ్చినా కదలని జనం సంతకాలు చేసిన కాగితాలను తీసుకెళ్లినప్పుడు కదిలారు. ఈ రెండింటికీ నడుమ ఉన్నవి రెండు రోజులే.

నిర్వాహకుడు

చర్చ చక్కగా సాగుతోంది. వేరొక సభ్యుడు మన రాష్ట్రాల్లో యంత్రాల వివాదంపై పెట్టిన సుదీర్ఘ వ్యాఖ్యను వేరే చర్చకు మార్చాను. ఇక్కడ గ్వాటెమాలాకే పరిమితం కాగలరు.

ఏలకుల_బాట

ఇంతవరకూ మౌనంగా చదివాను. అక్టోబరు దాకా వచ్చారు కనుక రాయక తప్పదు.

నేను ఆల్తా వెరాపాస్‌లోని కోబాన్‌లో ఏలకుల ఎగుమతి వ్యాపారంలో ఉన్నాను. ప్రపంచంలో ఏలకులను అందరికంటే ఎక్కువగా ఎగుమతి చేసే దేశం గ్వాటెమాలాయే. మా సరుకు చాలావరకు గల్ఫ్ దేశాలకు పోతుంది. కొండల మీద కెక్చీ రైతులు పచ్చి కాయను కోసి, వీపున మోసుకుని దిగి, కట్టెల పొయ్యిలతో ఆరబెట్టే కేంద్రాల వారికి అమ్ముతారు. పచ్చి కాయ ఒకటి రెండు రోజుల్లో ఆరబెట్టే గదికి చేరకపోతే రంగు పోతుంది, రంగు పోతే ధర పోతుంది. కోత ఊపందుకునేది సరిగ్గా ఆ నెలల్లోనే.

దేశమంతా వందకు పైగా చోట్ల దారులు మూసినప్పుడు రాజధానిలో పెట్రోలు బంకుల దగ్గర వరుసల గురించి అందరూ రాశారు. కొండ మీది రైతు గురించి ఎవరు రాశారు? అతనికి ఆ మూడు వారాల్లో పోయిన కాయకు పరిహారం లేదు. నేను వ్యాపారిని, నష్టాన్ని వచ్చే ఏడాదికి సర్దుకోగలను. అతడు సర్దుకోలేడు. ఆ రైతూ ఆదివాసీయే, ఆ రోడ్డు మీద కూర్చున్నవారూ ఆదివాసీలే. అరేవాలోకు ఓటు వేసిన రైతులే నా గోదాము ముందు నిలబడి, బస్తా ఎప్పుడు తీసుకుంటావని అడిగారు. ప్రజాస్వామ్యం కోసం ఎవరి పంట పణంగా పెట్టాలన్నది రోడ్డు మీద కూర్చున్నవారే నిర్ణయించడం నాకు సమ్మతం కాదు. వాణిజ్య సంఘాల సమాఖ్య కాసిఫ్ కోర్టుకు వెళితే దారులు తెరిపించమని రాజ్యాంగ న్యాయస్థానం ఆదేశించింది. ఆ ఆదేశాన్ని మాత్రం కుట్రగా ఎందుకు చూస్తారు? తమకు అనుకూలంగా వచ్చినప్పుడు అదే న్యాయస్థానాన్ని మెచ్చుకున్నారు కదా.

షేలా_కోడలు

ఏలకుల బాట గారూ, మీ నష్టాన్ని నేను తక్కువ చేయను. అల్మొలొంగాలో మా అత్తగారి వాళ్లది క్యారెట్, ముల్లంగి, క్యాబేజీ సాగు. లారీలు ఎల్ సాల్వడోర్ దాకా పోతాయి. ఆ అక్టోబరులో కూరగాయలు పొలం గట్టున కుళ్లిపోయాయి. ఇంట్లో వాదనలు జరగలేదనీ అనను. మా మామగారు మొదటి వారమంతా మీరన్న మాటలే అన్నారు.

అయితే ఆ పిలుపు ఇచ్చినవారు ఎవరో చెప్పకపోతే చదివేవారికి పార్టీల బంద్ లాంటిదనిపిస్తుంది. 48 కాంతోనెస్ అంటే తోతోనికాపాన్ పరిసరాల కిచే గ్రామాల సమాఖ్య. ప్రతి ఊరూ ఏటా తన ప్రతినిధిని ఎన్నుకుంటుంది. ఆ ఏడాదంతా జీతం లేకుండా, సొంత పని మానుకుని, నీటి ఊటలను, ఉమ్మడి అడవిని, ఊరి తగాదాలను చూసుకోవాలి. ఏడాది తిరగగానే దిగిపోవాలి. వారు ఏ అభ్యర్థికీ ప్రచారం చేయలేదు. అరేవాలోను అధ్యక్షుడిని చేయమని కూడా రోడ్డెక్కలేదు. అటార్నీ జనరల్ కొన్సువేలో పోర్రాస్, కుర్రుచిచే, ఒరెయానా రాజీనామా చేయాలన్నది వారి కోరిక. 2012 అక్టోబరు 4న ఇదే సమాఖ్య విద్యుత్ ధరలపైనా, మరికొన్ని అంశాలపైనా అలాస్కా కనుమ దగ్గర దారి మూసినప్పుడు సైన్యం కాల్పుల్లో కనీసం ఆరుగురు చనిపోయారు. ఆ కుటుంబాల వాళ్లే పదకొండేళ్ల తరువాత కువాత్రో కమీనోస్ కూడలిలో మళ్లీ కూర్చున్నారు. ఏం జరగవచ్చో తెలియక కూర్చున్నవారు కారు.

నేను ఆ కూడలికి వెళ్లి చూశాను. అంబులెన్సులను వదిలేవారు. ఊళ్ల వారీగా వంతులు వేసుకుని వచ్చేవారు. వంట పెద్ద పెద్ద గిన్నెల్లో అక్కడే సాగేది, సాయంత్రాల్లో మరింబా వాయించేవారు. మూడో వారం నుంచి దారులు ఒక్కొక్కటిగా తెరిచి, రాజధానిలో అటార్నీ జనరల్ కార్యాలయం ముందు శిబిరాన్ని మాత్రం కొనసాగించారు. మీలాంటి వారి మాటలు, మా మామగారి మాటలు వాళ్ల చెవిన పడ్డాయి కనుకే అలా మార్చుకున్నారని నా అభిప్రాయం.

ఏలకుల_బాట

దారులు తెరిచిన తరువాత కూడా అధికార మార్పిడి జరిగింది కదా. అప్పుడు మొదటి నుంచీ శిబిరం ఒక్కటే సరిపోయేదేమో. దీనికి ఎవరైనా సమాధానం చెబితే వినాలని ఉంది.

జోనా_పది

నగరంలో ఉన్నవాడిగా నాకు తోచింది చెబుతాను. శిబిరం ఒక్కటే అయితే రాజధాని దాన్ని పట్టించుకునేది కాదు. ఇక్కడి మధ్యతరగతి ఆదివాసీలను ఏనాడూ రాజకీయ శక్తిగా చూడలేదు. సరుకు ఆగినప్పుడే చూశారు. లా తెర్మినాల్ సంతలోని వర్తకులు తమ వ్యాపారం దెబ్బతింటున్నా ఊరేగింపుగా వచ్చి కలిశారు, ఆ తరువాత నగరంలోని కాలనీలు కూడలుల్లోకి వచ్చాయి. మా ఉద్యోగులు కొందరు రాత్రి షిఫ్టు ముగించుకుని నేరుగా శిబిరానికి కాఫీ, రొట్టెలు తీసుకెళ్లేవారు. ఆగస్టు 20 రాత్రి ఒబెలిస్కో దగ్గర కార్ల హారన్లు మోగిస్తూ సంబరం చేసుకున్నది ఈ నగరమే; సెప్టెంబరులో పెట్టెలు తెరిచినప్పుడు సామాజిక మాధ్యమాల్లో చిరచిరలాడి ఊరుకున్నదీ ఈ నగరమే.

అక్టోబరు అంతా ఆటపాటలతో గడిచిందనుకోవద్దు. 16వ తేదీన సాన్ మార్కోస్‌లోని మలకతాన్ దగ్గర దారి మూసినవారిపై దుండగులు కాల్పులు జరిపి ఒకరిని చంపారు. హోం మంత్రి ఆ రోజే రాజీనామా చేశారు. కార్యాలయం నడపడం మాకు కష్టమే అయింది. బస్సులు లేక సగం మంది ఇంటి నుంచే పనిచేశారు. విదేశీ సిబ్బంది రాజకీయాల మీద నోరు విప్పవద్దని మాకు స్పష్టంగా చెప్పారు.

నవంబరు 30 నాకు బాగా గుర్తుంది. తెలంగాణలో ఆ రోజు శాసనసభ ఎన్నికల పోలింగ్. ఇంట్లోవాళ్లు వేలి మీద సిరా గుర్తు చూపిస్తూ ఫొటోలు పంపారు. ఇక్కడ అదే రోజు కాంగ్రెసు ఎన్నికల న్యాయస్థానంలోని నలుగురు న్యాయమూర్తులకు ఉన్న చట్టపరమైన రక్షణను తీసేసింది. డిసెంబరు 3న తెలంగాణలో లెక్కింపు పూర్తయి ప్రభుత్వం మారింది. జూన్‌లో ఓటు వేసిన గ్వాటెమాలాలో డిసెంబరు 8న ప్రాసిక్యూటర్లు ఎన్నికే చెల్లదన్నారు. ఎన్నికల న్యాయస్థానం మాత్రం ఫలితం మార్పులేనిదని అదే రోజు బదులిచ్చింది.

పోలింగ్_మాష్టారు

ఆ నలుగురు న్యాయమూర్తుల గురించి ఎవరూ ఎక్కువ రాయరు. ప్రజలు రోడ్డెక్కారన్నది గొప్పగా వినిపిస్తుంది, కాదనను. కానీ తమ మీద కేసులు పడతాయని తెలిసీ, ధ్రువీకరించిన ఫలితాన్ని వెనక్కి తీసుకోబోమని గట్టిగా నిలబడిన అధికారులు లేకపోతే రోడ్డు మీది జనం దేన్ని కాపాడేవారు? ఎన్నికల విధుల్లో పనిచేసినవాడిగా నా అభిమానం మొదట బల్ల దగ్గర కూర్చున్న బట్టల కొట్టు అమ్మాయికి, తరువాత ఆ న్యాయమూర్తులకు.

ప్రమాణ స్వీకారం రోజు ఆలస్యం ఎందుకు జరిగిందో కూడా ఎవరైనా చెప్పండి.

జోనా_పది

కొత్త సభ్యుల అర్హత పత్రాల పరిశీలన పేరుతో పాత కాంగ్రెసు రోజంతా సాగదీసింది. సెమియా సభ్యులను పార్టీ సభ్యులుగా గుర్తించాలా, స్వతంత్రులుగానా అన్నది తగాదా. మధ్యాహ్నం జరగవలసిన కార్యక్రమం కోసం విదేశీ అతిథులు మిగేల్ ఆంహెల్ ఆస్తూరియాస్ సాంస్కృతిక కేంద్రంలో గంటల తరబడి ఎదురుచూశారు. అధికారం అప్పగించాలని కోరుతూ వారు ఒక ప్రకటన కూడా చేశారు. బయట జనం కాంగ్రెసు భవనం వైపు తోసుకువెళ్లారు. రాత్రికి సెమియాకు చెందిన సామ్యుయెల్ పేరెస్‌ను కాంగ్రెసు అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. అర్ధరాత్రి దాటాక అరేవాలో ప్రమాణం చేశారు. రాజ్యాంగ కూడలిలో జనం తెల్లవారే దాకా ఉన్నారు. మరునాడు సోమవారం మా కార్యాలయంలో హాజరు ఎంతో మీరు ఊహించుకోవచ్చు.

పాలపిట్ట

అందరికీ కృతజ్ఞతలు. ఒక చివరి ప్రశ్న. ఇంత జరిగాక ప్రభుత్వం మారింది. మరి ఆ ప్రాసిక్యూటర్ల సంగతేమిటి? అక్కడి మిత్రులు ఇప్పుడు ఆ కాలాన్ని ఎలా తలచుకుంటున్నారు?

న్యాయపీఠిక

అరేవాలో పార్టీకి కాంగ్రెసులో వచ్చినవి 160కి 23 స్థానాలే. అటార్నీ జనరల్‌ను అధ్యక్షుడు తన ఇష్టానుసారం తొలగించలేడు. విధి నిర్వహణలో నేరం చేసినట్టు తుది తీర్పు ఉండాలన్నది ఆ చట్టం. ఆ నిబంధనను సడలించడానికి కావలసిన బలం కాంగ్రెసులో దొరకలేదు. రెండోసారి నియమితులైన పోర్రాస్ పదవీకాలం 2026 మే వరకు. ఎన్నికల న్యాయస్థానానికీ, రాజ్యాంగ న్యాయస్థానానికీ కూడా కొత్తవారిని ఎన్నుకోవలసినది అదే ఏడాది వసంతంలో. 2027 ఎన్నికను ఎవరు నిర్వహిస్తారో, దాని మీద వచ్చే కేసులను ఎవరు వింటారో తేల్చేది ఆ నియామకాలే. పరిశోధన చేస్తున్నారు కనుక పోలింగు తేదీల కంటే ఆ నియామకాలను ఎక్కువ శ్రద్ధగా చూడమని నా సలహా.

షేలా_కోడలు

మా ఊళ్లో ఇప్పుడు ఆ మాట ఎత్తితే ముందుగా వచ్చేది అరెస్టుల ప్రస్తావన. 2023లో 48 కాంతోనెస్‌కు నాయకత్వం వహించిన లూయిస్ పచేకో కొత్త ప్రభుత్వంలో ఇంధన శాఖ ఉపమంత్రి అయ్యారు. 2025 ఏప్రిల్ 23న ఆయనను, ఆయనతో పాటు పనిచేసిన ఎక్తోర్ చక్లాన్‌ను అరెస్టు చేశారు. ఆ అక్టోబరు దిగ్బంధాలకు గాను పెట్టిన ఆరోపణల్లో ఉగ్రవాదం కూడా ఉంది. తాను ఎన్నికను కాపాడిన అధ్యక్షుడు పదవిలో ఉండగానే ఆయన జైలుకు వెళ్లారు. ప్రభుత్వం ఖండించింది, అంతకు మించి ఏమీ చేయలేకపోయింది. మా ఆడపడుచును 2027లో మళ్లీ బల్ల దగ్గర కూర్చుంటావా అని అడిగితే, ముందు ఈ కేసు ఎటు పోతుందో చూద్దామంది.

ఏలకుల_బాట

పైన నేను రాసినదానిలో ఒక్క అక్షరం కూడా వెనక్కి తీసుకోను. దారులు మూయడం రైతుకు అన్యాయమని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. నష్టపరిహారం కోరుతూ దావా వేసి ఉంటే నేనూ సంతకం చేసేవాడినేమో. కానీ ఉగ్రవాదమన్న ఆరోపణను అంగీకరించను. కోబాన్ వైపు దారి మూసినవారితో నేను స్వయంగా వాదించాను. ఎండిన సరుకుతో ఓడరేవుకు పోవలసిన లారీని వదలమని బతిమాలాను. వదలలేదు. అయినా ఎవరూ నా మీద చెయ్యి ఎత్తలేదు, లారీ మీద రాయి వేయలేదు, రాత్రి డ్రైవరుకు అన్నం పెట్టారు. కోర్టు పిలిచి అడిగితే లారీ ఆపారనీ చెబుతాను, అన్నం పెట్టారనీ చెబుతాను.